తీగె ఒకటే: వీణలో ఝంకారం, గిటారులో గర్జన

ద్రాక్షారామం: పంచారామ క్షేత్రాలలో ఒకటైన ద్రాక్షారామానికి భీమేశ్వరస్వామి ఆలయం వల్ల దేశమంతటా పేరుంది. సంగీతం తెలిసినవారికి ఈ ఊరు మరో కారణం వల్ల కూడా గుర్తుంటుంది. వైణిక విద్వాంసుడు కీ.శే. ఈమని శంకరశాస్త్రి 1922లో జన్మించినది ఇక్కడే. గోదావరి పాయలు దాటి వెళితే మరో పంచారామమైన పాలకొల్లు వస్తుంది. మాండలిన్ శ్రీనివాస్‌గా లోకానికి తెలిసిన ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న అక్కడ జన్మించారు. ఒకరిది పనసకర్ర వీణ, మరొకరిది కరెంటు మాండలిన్. తీగె వాయిద్యం కరెంటుతో చేతులు కలిపిన కథ తెలుసుకోవాలంటే ఈ రెండు ఊళ్లనూ తలచుకోక తప్పదు.

ఆ కథకు మరో చివర ఉన్నది ‘హెవీ మెటల్’ గిటారు. పేరుకు తగ్గట్టే అది బరువైన లోహం మోతలా ఉంటుంది. పెద్దలకు అది వట్టి రొదగా తోస్తుంది. కుర్రకారుకు అదే కావాలి. అయితే వేలకు వేలు పోసి గిటారు కొన్నా, క్యాసెట్లలోనూ ఫోన్లలోనూ విన్న ఆ గర్జన పందిట్లో పలకదు. కందిరీగల రొద మాత్రం వస్తుంది. లోపం గిటారులో ఉందని మరొకటి కొంటారు. అదీ అలాగే పలుకుతుంది. ఆ నాదం ఎక్కడ పుడుతుందో తెలిస్తే డబ్బు మిగులుతుంది, చెవులు మిగులుతాయి. ఒక్కొక్కప్పుడు ప్రాణమూ మిగులుతుంది.

వీణకు మైకు ఎందుకు?

వీణ నాదం మెత్తనిది. పది మంది కూర్చున్న గదిలో గమకం చివరి కంపం వరకు వినిపిస్తుంది. వందలమంది కూర్చున్న పందిట్లో మొదటి రెండు వరుసలు దాటితే ఆ కంపం గాలిలో కలిసిపోతుంది. ఎదురుగా మైకు పెడితే వీణతోపాటు పిల్లల ఏడుపు, ఫ్యాను చప్పుడు కూడా అందులో పడతాయి. అందుకే వీణ ఒంటికే అంటించే కాంటాక్టు మైకు వచ్చింది. అందులో ఒక స్ఫటికం ఉంటుంది. చెక్క కంపించినప్పుడల్లా అది నలిగి చిన్నపాటి కరెంటు పుట్టిస్తుంది. ఒత్తిడికి కరెంటు పుట్టించే ఈ గుణాన్ని ఫ్రాన్సులో క్యూరీ సోదరులు 1880లోనే కనిపెట్టారు.

దీనివల్ల వీణ సహజ నాదం మారిపోతుందని అభ్యంతరం చెప్పిన విద్వాంసులు ఉన్నారు. చివరి వరుసలోని శ్రోత కూడా గమకం వినగలుగుతున్నాడు కదా అని సమాధానం చెప్పినవారూ ఉన్నారు. శంకరశాస్త్రి తండ్రి అచ్యుతరామశాస్త్రి కూడా వైణికుడే. ఆ సంప్రదాయంలో పెరిగిన శంకరశాస్త్రి మద్రాసులో జెమినీ స్టూడియోలోనూ, ఆ తరువాత ఆకాశవాణిలోనూ పనిచేశారు. అంటే మైకు ముందు వీణ ఎలా పలకాలో నిత్యం చూసుకోవలసిన కొలువులే చేశారు. ఆయన శిష్యుడు, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు వీణపై కోయిల కూత పలికించి పండితుల మెప్పునే కాక పామరుల మెప్పునూ పొందారు. శంకరశాస్త్రి 1987లోనూ, చిట్టిబాబు 1996లోనూ కన్నుమూశారు.

పాలకొల్లు మాండలిన్

శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ను శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో చేతికెత్తుకున్నారు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజు ఆయనకు గురువు. గురువు మాండలిన్ వాయించేవారు కారు. ఆయన పాడుతుంటే శిష్యుడు ఆ పాటను తీగెపై పలికించేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవాలలో శ్రీనివాస్ తొలి కచేరీ జరిగింది.

మాండలిన్‌కు మామూలుగా ఎనిమిది తీగెలు, జతకు రెండు చొప్పున నాలుగు జతలు ఉంటాయి. మీటిన వెంటనే ‘టింగ్’ మని ఆరిపోయే నాదం దానిది. నాదం నిలవకపోతే గమకం ఎక్కడ పలుకుతుంది? జత తీగెలను కలిపి లాగి గమకం పలికించడమూ కష్టమే. శ్రీనివాస్ జతలు తీసివేసి ఒంటి తీగెలు వేసుకున్నారు. నాలుగుకు బదులు ఐదు తీగెలు పెట్టుకున్నారు. కరెంటు మాండలిన్ పట్టి, తీగె కింద పికప్‌ను, పక్కన ఆంప్లిఫయరును నమ్ముకున్నారు. కచేరీ వేదికపై ఈ పరదేశీ వాయిద్యం ఏమిటని మొదట్లో సందేహించినవారు తరువాత అదే వేదిక ముందు కూర్చుని విన్నారు. 1998లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఇంగ్లండు గిటారు విద్వాంసుడు జాన్ మెక్లాఫ్లిన్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో దేశదేశాల్లో వాయించారు. 2014 సెప్టెంబరు 19న 45 ఏళ్ల వయసులో చెన్నైలో మరణించారు.

ఈ చరిత్రలో గిటారు కుర్రవాళ్లకు పనికివచ్చే పాఠం ఒకటుంది. శ్రీనివాస్ ముందు తనకు కావలసిన నాదం ఏదో తెలుసుకున్నారు. ఆ నాదానికి అడ్డు వచ్చినదానిని మార్చారు. తీగెలు, పికప్, ఆంప్లిఫయరు అన్నీ ఆ వరుసలోనే వచ్చాయి.

తీగె కింద అయస్కాంతం

కరెంటు గిటారుకు డొల్ల కడుపు అక్కరలేదు. దాని చెవి పికప్. ఒక అయస్కాంతం చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగితీగెను వేల చుట్లు చుడితే అదే పికప్. పైన ఉక్కు తీగె కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం కదులుతుంది. చుట్టలో కరెంటు పుడుతుంది. సైకిలు డైనమోలో జరిగేదీ ఇదే. 1831లో ఫారడే చెప్పిన సూత్రమే రెండింటికీ ఆధారం. పికప్ ఇనుమును, ఉక్కును, నికెలును మాత్రమే గుర్తుపడుతుంది. ఇత్తడిని పట్టించుకోదు. అందువల్ల వీణకు ఈ రకం పికప్ పెడితే ఉక్కు సారణి గట్టిగా పలికి, ఇత్తడితో చేసిన మంద్ర తీగెలు వెనుకబడతాయి.

ఒంటి చుట్ట పికప్‌కు ఒక జబ్బు ఉంది. దగ్గరలో ట్రాన్స్‌ఫార్మరు, ట్యూబులైటు చౌకు, మోటారు ఏది ఉన్నా ఆ కరెంటు ‘బూం’ శబ్దాన్ని అది పట్టేస్తుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కనుక ఆ శబ్దం ఎప్పుడూ ఒకే శ్రుతిలో ఉంటుంది. అమెరికాలో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సేత్ లవర్ 1955లో దీనికి మందు కనిపెట్టారు. రెండు చుట్టలను పక్కపక్కన పెట్టి, ఒకదాని చుట్టు దిశను, అయస్కాంతాన్ని రెండోదానికి ఎదురు చేశారు. బయటి బూం శబ్దం రెండింటిలో ఎదురెదురుగా వచ్చి కొట్టుకుపోతుంది. తీగె నాదం మాత్రం రెండింటిలో కలిసి పెరుగుతుంది. దీనినే హంబకర్ అంటారు. హెవీ మెటల్ గిటారుకు ఇది దాదాపు తప్పనిసరి. నాదాన్ని వందల రెట్లు పెంచే చోట బూం శబ్దం కూడా వందల రెట్లు పెరుగుతుంది మరి.

పికప్ ఎక్కడుందన్నది కూడా ముఖ్యం. తీగెలను మోసే బ్రిడ్జి, వీణ భాషలో గుర్రం, దాని పక్కనున్న పికప్ నాదం పదునుగా, బిగువుగా ఉంటుంది. మెడ వైపున్న పికప్ నాదం మెత్తగా, గుండ్రంగా ఉంటుంది. గుర్రానికి దగ్గరగా మీటితే కరుకుగా, దూరంగా మీటితే తీయగా పలకడం వైణికులు ఎరిగినదే. మెటల్ దరువుకు బ్రిడ్జి పికప్‌నే వాడతారు. గట్టిగా పలకాలని పికప్‌ను తీగెలకు మరీ దగ్గరగా బిగించకూడదు. అయస్కాంతం తీగెను లాగి నాదాన్ని తొందరగా ఆర్పేస్తుంది, శ్రుతిని కూడా చెడగొడుతుంది. 9 వోల్టుల బ్యాటరీతో పనిచేసే ‘యాక్టివ్’ పికప్‌లు కూడా ఉన్నాయి. వీటిలో రొద తక్కువ, దెబ్బ స్పష్టంగా ఉంటుంది. అయితే కచేరీ మధ్య బ్యాటరీ అయిపోతే గొంతు పోతుంది. జేబులో మరొకటి ఉండాలి.

వేళ్లు తెగినవాడు వదులు చేసిన తీగెలు

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమి అనే యువకుడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. 17 ఏళ్ల వయసులో, ఉద్యోగం మానేస్తున్న ఆఖరి రోజున, మిషనులో పడి కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం. అంటే తెగినవి మెట్లపై తీగె నొక్కే వేళ్లే. ఇక గిటారు పట్టలేవన్నారు. అతడు ప్లాస్టిక్ సీసా కరిగించి వేలి కొనలకు తొడుగులు చేసుకున్నాడు. వాటిపై తోలు అంటించాడు. తీగెలు నొక్కడం తేలిక కావడానికి సన్నని బాంజో తీగెలు వేసుకున్నాడు. తరువాత, 1971 నాటి రికార్డులలో, శ్రుతిని మూడు స్వరస్థానాలు దించి తీగెలను వదులు చేశాడు. అతడి బృందం బ్లాక్ సబ్బాత్. 1970లో వచ్చిన వారి మొదటి రికార్డునే చాలామంది హెవీ మెటల్‌కు నాందిగా చెబుతారు. నేడు ప్రపంచమంతా అనుకరించే ఆ బరువు నాదం వెనుక ఒక కార్మికుడి గాయం ఉంది.

శ్రుతి మూడు స్థానాలు దించితే తీగె బిగువు దాదాపు 30 శాతం తగ్గుతుంది. సన్నని తీగె అయితే జావగారి మెట్లకు తగిలి గరగరలాడుతుంది. కనుక శ్రుతి దించేవారు లావు తీగెలు వేయాలి. గిటారు తీగెల లావును అంగుళంలో వెయ్యో వంతులలో చెబుతారు. కొత్తవారు వాడే ‘తొమ్మిది’ సెట్టులో సన్న తీగె 9, లావు తీగె 42. ‘పది’ సెట్టులో ఇవి 10, 46. మామూలు శ్రుతికి ఇవి చాలు. రెండు మూడు స్థానాలు దించితే 11 నుంచి మొదలయ్యే సెట్టు మంచిది. లావు తీగె వేసిన తరువాత గిటారు మెడ బిగువును, తీగెల ఎత్తును సరిచూడాలి.

గోదావరి జిల్లాల ఉక్కలో చెమటకు తీగె తొందరగా తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన తీగెకు మెరుపు పోతుంది, శ్రుతి నిలవదు. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిస్తే ఎక్కువ కాలం మన్నుతుంది. పాత తీగెలతో నాదం రావడం లేదని కొత్త పికప్ కొనడం, మోటారుకు నీళ్లు అందక కొత్త మోటారు కొనడంలాంటిది. ముందు ఫుట్‌వాల్వు చూసుకోవాలి.

గర్జన పుట్టేది ఆంప్లిఫయరులో

తీర్థాలలో మైకుసెట్టు పూర్తిగా పెంచితే పాట బరబరలాడడం అందరూ ఎరుగుదురు. ఆంప్లిఫయరు తన శక్తికి మించిన నాదాన్ని మోయలేక అల శిఖరాన్ని కోసేస్తుంది. గుండ్రని అల చదునవుతుంది. అలా కోసినప్పుడు అసలు స్వరంతోపాటు దాని పై స్థాయిల అనుస్వరాలు ఎన్నో కొత్తగా పుడతాయి. నాదం చిక్కబడుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. మైకుసెట్టులో ఇది లోపం. గిటారులో దీనినే కోరి తెచ్చుకుంటారు. 1964లో ఇంగ్లండులో కింక్స్ బృందపు డేవ్ డేవీస్ ఈ బరబర కోసమే తన స్పీకరు కాగితాన్ని బ్లేడుతో చీల్చాడు. మన తంబురాకు జీవాళి దారం పెట్టి నాదానికి జీవం పోయడం కూడా ఒక విధంగా ఈ జాతి ఉపాయమే. అక్కడ కూడా తీగె దారానికి తగిలీ తగలక పై స్వరాలను మేల్కొలుపుతుంది.

లండనులో డ్రమ్ముల దుకాణం నడిపిన జిమ్ మార్షల్ 1962లో వాల్వుల ఆంప్లిఫయరు తయారుచేయించారు. పాతకాలం రేడియోలో ఎర్రగా వెలిగే వాల్వుల వంటివే అందులోనూ ఉంటాయి. వాల్వు అలను ఒక్కసారిగా కోయదు, మెల్లగా వంచుతుంది. అందుకే ఆ గర్జన చెవికి ఇంపుగా ఉంటుంది. నేడు అదే నాదాన్ని చిన్న కంప్యూటరు చిప్పుతో అనుకరించే పెట్టెలు కూడా దొరుకుతున్నాయి.

ఆంప్లిఫయరుపై ‘గెయిన్’, ‘వాల్యూమ్’ అని రెండు బిరడాలుంటాయి. గెయిన్ అలను ఎంత కోయాలో చెబుతుంది. వాల్యూమ్ ఎంత గట్టిగా వినిపించాలో చెబుతుంది. కొత్తవారు గెయిన్‌ను చివరికంటా తిప్పుతారు. అప్పుడు స్వరానికీ స్వరానికీ మధ్య సందు లేకుండా బురద అయిపోతుంది. సగం దాటనివ్వక, కుడిచేతి మడమను బ్రిడ్జి దగ్గర తీగెలపై ఆనించి మీటితే ఆ ‘డుగ్ డుగ్’ దరువు వస్తుంది. మధ్య స్వరాల బిరడాను పూర్తిగా తగ్గించడం మరో పొరపాటు. ఒంటరిగా ఇంట్లో అది గంభీరంగా ఉంటుంది. డ్రమ్ములు, కీబోర్డు కలిసేసరికి గిటారు వినిపించకుండా పోతుంది.

వాట్ల లెక్క కూడా తెలిసి ఉండాలి. 100 వాట్ల పెట్టె 10 వాట్ల పెట్టె కన్నా పది రెట్లు గట్టిగా వినిపించదు. చెవికి సుమారు రెండు రెట్లే తోస్తుంది. ఇంట్లో సాధనకు 10, 20 వాట్లు ధారాళంగా సరిపోతాయి.

‘స’, ‘ప’ రెండే చాలు

మెటల్ గిటారులో ఎక్కువగా వాయించేది ‘పవర్ కార్డు’. పేరు పెద్దది గాని అందులో ఉన్నవి షడ్జమం, పంచమం, ఆపై తారస్థాయి షడ్జమం. అంటే తంబురాలో మోగేవే. గాంధారం వేయరు. కారణం ఉంది. అలను కోసినప్పుడు రెండు స్వరాలు ఒకదానితో ఒకటి రాసుకుని మూడో స్వరం పుడుతుంది. స, ప ల కంపనాలు 2, 3 నిష్పత్తిలో ఉంటాయి. వాటి తేడా 1. అది కింది స్థాయి షడ్జమం. ఎవరూ మీటని మంద్ర షడ్జమం తనంతట తాను మోగుతుంది. ఆ బరువు అక్కడిదే. గాంధారం కలిపితే అపస్వరాలు పుట్టి గజిబిజి అవుతుంది.

బ్లాక్ సబ్బాత్ మొదటి పాట షడ్జమం నుంచి ప్రతిమధ్యమానికి దూకడంపై నడుస్తుంది. ఆ అంతరానికి పాశ్చాత్యులు దయ్యం స్వరమని పేరు పెట్టారు. కల్యాణి రాగం వింటూ పెరిగిన మనవారికి ఆ ప్రతిమధ్యమం మంగళప్రదమే!

పందిట్లో జరిగే పొరపాటు

కందిరీగల రొద ఎక్కడిదన్న ప్రశ్నకు సమాధానం చాలా సందర్భాలలో ఒక్కటే. గిటారు ఆంప్లిఫయరులో వాడే 12 అంగుళాల స్పీకరు సుమారు 5 వేల కంపనాలు దాటిన పై స్వరాలను బాగా తగ్గిస్తుంది. అల కోసినప్పుడు పుట్టే కరుకుదనం అక్కడ వడకట్టినట్టు ఆగిపోతుంది. అలా కాక డిస్టార్షన్ పెడలు వైరును నేరుగా మైకుసెట్టు మిక్సరుకు తగిలిస్తే, హారన్లు ఆ కరుకునంతా వదలకుండా వినిపిస్తాయి. కనుక గిటారు పెట్టె ముందు మైకు పెట్టాలి. లేదా స్పీకరులా వడకట్టే ‘క్యాబ్’ సౌకర్యం ఉన్న పెడలు వాడాలి. కొత్త గిటారు కన్నా ముందు ఈ ఏర్పాటు చూసుకుంటే ఖర్చు సగానికి సగం తగ్గుతుంది.

ఎర్తు లేకపోతే ప్రాణాపాయం

అన్నిటికన్నా ముఖ్యమైనది కరెంటు జాగ్రత్త. గిటారు తీగెలు బ్రిడ్జి ద్వారా, వైరు ద్వారా ఆంప్లిఫయరు ఎర్తుకు కలిసి ఉంటాయి. అంటే వాయించేవాడి చేతిలో ఎప్పుడూ ఎర్తు ఉంటుంది. పందిట్లో మైకుసెట్టు వైరింగు చెడి మైకు గొట్టానికి కరెంటు వస్తే, తీగెలపై చెయ్యి ఉంచి పెదవి మైకుకు తగిలించినవాడి గుండె మీదుగా కరెంటు పారుతుంది. 1972 మే నెలలో స్టోన్ ది క్రోస్ బృందపు గిటారు వాద్యకుడు లెస్ హార్వే వేల్సులోని స్వాన్సీలో వేదికపైనే ఎర్తు లేని మైకు తాకి మరణించాడు.

బూం శబ్దం పోతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచే అలవాటు చాలా ప్రమాదకరం. గిటారు పెట్టెకూ మైకుసెట్టుకూ ఒకే ఎర్తు ఉన్న లైను నుంచి కరెంటు తీసుకోవాలి. జనరేటరుకు ఎర్తు కడ్డీ పాతారో లేదో చూడాలి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కట్టేసే ట్రిప్ స్విచ్చి పెట్టించుకుంటే ఖర్చు కొద్ది, రక్షణ ఎక్కువ. వాన పడి తడిసిన పందిట్లో కార్యక్రమం ఆపడమే తెలివి. ఎలక్ట్రీషియను మైకును, తీగెలను టెస్టరుతో చూసిన తరువాతనే కుర్రవాళ్లు వేదిక ఎక్కాలని కమిటీ పెద్దలు పట్టుబట్టాలి.

చెవికీ హద్దుంది

85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటల వరకు చెవి ఓర్చుకుంటుందని నిపుణుల లెక్క. ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కూ గడువు సగమవుతుంది. 100 డెసిబెల్స్ వద్ద 15 నిమిషాలే. డ్రమ్ములతో కలిసి మోగే గిటారు ఈ హద్దును సులువుగా దాటుతుంది. కచేరీ తరువాత చెవిలో గుయ్యిమనడం హెచ్చరిక. పోయిన వినికిడి మందులతో తిరిగి రాదు. ఇక 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడుస్పీకర్లు వాడరాదు. కొన్ని పండుగ దినాలలో మాత్రం ప్రభుత్వం అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు.

బరువైన నాదమంటే గట్టి మోత అని అర్థం కాదు. మంచి తీగె, సరైన పికప్, తగినంత గెయిన్, కుడిచేతి అదుపు ఉంటే చిన్న గదిలో, ఇరుగుపొరుగు నిద్ర చెడకుండానే గర్జన పలుకుతుంది. మెత్తని వీణతో పెద్ద సభలను మెప్పించిన వైణికుల ఊరికి ఈ మాట కొత్త కాదు. వాయించే వేలికి స్వరం తెలియకపోతే ఏ పెట్టె అయినా దాని తప్పునే పెంచి వినిపిస్తుంది.